మారుతున్న వాతావరణం – మన మూడు జిల్లాలు – మన బాధ్యత



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పేద కుటుంబాల కష్టాలకు అప్పు, అనారోగ్యంతో పాటు ఎండ, వాన కూడా కారణాలవుతున్నాయి. అందుకే వాతావరణ మార్పు గురించి ఈ సంచికలో క్లుప్తంగా వివరించదలిచాము.

కారణాలు

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించినప్పుడు, అడవులు నరికినప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాలిలో చేరుతుంది. అది భూమి నుండి పైకి పోయే వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 280 భాగాలున్న ఈ వాయువు నేడు 420 దాటింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందువల్ల వాన పడినప్పుడు కుండపోతగా పడే అవకాశం పెరుగుతుంది.

ప్రభావాలు

2009 సంవత్సరం మనకు మంచి ఉదాహరణ. ఆ ఏడు దేశమంతటా నైరుతి రుతుపవనాల వర్షం సుమారు 22 శాతం తక్కువ పడింది. చేలు ఎండాయి. అక్టోబరు మొదట్లోనే కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్ ప్రాంతాన్ని ముంచెత్తాయి. రాజోలిలో నేత కార్మికుల ఇండ్లు, మగ్గాలు నీటి పాలయ్యాయి. ఒక్క వరదకు వాతావరణ మార్పే కారణమని చెప్పలేము. కాని ఇలా కరవు, వరద ఒకే ఏడాదిలో వచ్చే ప్రమాదం పెరుగుతోంది.

వరద అందరికీ కనిపిస్తుంది, ఎండదెబ్బ కనిపించదు. మేస్త్రీ పనివారు, హమాలీలు, తోపుడుబండ్లవారు మధ్యాహ్నం పని మానితే ఆ రోజు కూలి పోతుంది, మానకపోతే ప్రాణానికే ముప్పు.

ప్రభుత్వాల చర్యలు

కేంద్రం 2008లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో మాట ఇచ్చింది. రాష్ట్రంలో 2015లో హరితహారం, చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాయి. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన సప్త సముద్రాలు చెరువుల విలువను నేటికీ గుర్తుచేస్తున్నాయి.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మరణ కారణం అధికారికంగా నమోదు కాకపోతే ఈ సాయం అందడం కష్టం. మనలో ఖననం త్వరగా జరుగుతుంది కనుక, అంతకుముందే తహశీల్దారుకు, ప్రభుత్వ వైద్యునికి తెలియజేయాలని ప్రతి మస్జిద్‌లో చెప్పడం అవసరం.

మనం చేయగలిగినవి

చెట్టు నాటి, దాని పండును మనిషి గాని పక్షి గాని తింటే అది సదఖా అవుతుందని ప్రవక్త (స) బోధించారు. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయరాదన్నది కూడా మనం విన్న బోధే. వుజూ నీటిని చెట్లకు మళ్లించడం, మస్జిద్, ఈద్గాహ్, ఖబరస్తాన్ ఆవరణల్లో వేప, కానుగ నాటి మూడేళ్లు నీరు పోయడం, ఇంకుడు గుంతలు తవ్వించడం, వేసవిలో అడ్డా కూలీల కోసం నీడ, చల్లని నీరు ఏర్పాటు చేయడం మన శక్తికి మించినవి కావు.

జకాత్ హక్కుదారులను ఖుర్ఆన్ నిర్ణయించింది. కనుక ఆ సొమ్మును కష్టంలో ఉన్న పేదలకే ఉంచి, ఈ పనులకు సదఖా నుండి కొంత భాగం కేటాయించవలసిందిగా దాతలను కోరుతున్నాము. వరద వచ్చాక పంచే దుప్పటి అవసరమే. ముందుగా నాటిన చెట్టు మన తరువాత కూడా నీడనిచ్చే సదఖయె జారియా. అల్లాహ్ మనందరికీ ఆ సౌభాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.