గెలుపునకు మచ్చ రాకుండుటెట్లు?

కాకి పిల్ల కాకికి ముద్దు. తన శిష్యుడు గెలువవలెనని గురువు కోరుట సహజము. అందు తప్పు లేదు. కాని ఆ గురువే ప్రశ్నలు కూర్చువాడును, సమాధానములు దిద్దువాడును అయినచో ఆ గెలుపును లోకము నమ్మునా? విద్యార్థుల పోటీలన్నిటను ఈ చిక్కు కలదు. పెద్ద పోటీలలో దీనిని ఎట్లు ఎదుర్కొనుచున్నారో ఒకింత పరిశీలింతము.

అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ 1959వ సంవత్సరమున రుమేనియా దేశమున ప్రారంభమైనది. మన దేశము 1989 నుండి ఇందు పాల్గొనుచున్నది. ఒక్కొక్క దేశమునుండి ఆరుగురు విద్యార్థులు వరకు పోవచ్చును. రెండు దినములలో, దినమునకు మూడేసి చొప్పున, ఆరు ప్రశ్నలిత్తురు. దినమునకు నాలుగున్నర గంటల వ్యవధి. ప్రశ్నకు 7 మార్కులు.

ఇందొక వింత కలదు. ఆ ఆరు ప్రశ్నలను ఎన్నుకొనువారు ఆయా దేశముల జట్టు నాయకులే. అనగా పరీక్షకు ముందే వారికి ప్రశ్నలు తెలియును. తమ విద్యార్థుల సమాధానములను చదివి, వారి పక్షమున మార్కులు కోరువారును వారే. ఈ రెండు పనులును ఒక్కరి చేతనుండుట ప్రమాదకరము గదా! అందుచేతనే కట్టుబాట్లు ఏర్పడినవి. పరీక్షలు ముగియువరకు నాయకులు విద్యార్థులకు దూరముగా వేరొక చోట బస చేయుదురు. పిల్లల వెంట ఉపనాయకుడు ఉండును. మార్కులను నాయకుడొక్కడే నిర్ణయింపజాలడు. ఆతిథ్యమిచ్చు దేశము నియమించిన సమన్వయకర్తలు సమ్మతింపవలెను. మరి ఆతిథ్యదేశపు పిల్లల పత్రముల మాట యేమి? ఆ ప్రశ్నను పంపిన దేశమువారు వానిని పరిశీలింతురు.

ఇంత జాగ్రత్త వహించినను అనుమానములు రాకపోలేదు. మోసము జరిగినదను శంకపై 1991లోను, 2010లోను ఉత్తర కొరియా జట్టును అనర్హముగా ప్రకటించిరి.

కట్టుబాటు సడలినచోట కలుగు నష్టమునకు అమెరికా కళాశాలల క్విజ్ పోటీలు నిదర్శనము. అచ్చట ఒక సంస్థకు ప్రశ్నలు వ్రాసి ఇచ్చువారిలో కొందరు ఆ సంస్థ జరుపు పోటీలలోనే జట్టు సభ్యులుగా ఆడుచుండిరి. రాబోవు ప్రశ్నల జాడ తెలియు కంప్యూటరు పుటలను వారిలో కొందరు తెరచి చూచిరని 2013లో బయటపడెను. ఆ తెలివిడితోనే గెలిచిరనుటకు ఋజువు దొరకలేదు. అయినను హార్వర్డ్ విశ్వవిద్యాలయపు నాలుగు విజయములు రద్దయ్యెను. ఏ పాపము నెరుగని సహచరుల బిరుదులును వానితోపాటే పోయినవి.

దీనివలన మనము గ్రహింపవలసినది స్పష్టము. నియమము లేనిచో మొదట నష్టపోవువాడు నిజాయితీగా శ్రమించిన విద్యార్థియే. తన గెలుపు తనదేయని నిరూపించుకొను మార్గము వానికి ఉండదు.

తెలుగు పాఠశాలలు కొలదిగానున్న మన ప్రాంతమున వ్యాసరచన, వక్తృత్వ పోటీలకు న్యాయనిర్ణేతలు తరచు మనకు తెలిసినవారే, ఒక్కొక్కప్పుడు బంధువులే. అట్టివారు ఆ సంగతిని ముందుగనే తెలిపి, ఆ పత్రమును మరియొకరికి అప్పగించుట మేలు. వ్యాసములపై పేరునకు బదులు సంఖ్య వేయుట సులభము. ప్రశ్న యేదైన ముందుగా చెవిని బడినచో విద్యార్థి వెంటనే నిర్వాహకులకు చెప్పవలెను. ఇవి ఎవరినో శంకించి చేయు పనులు కావనియు, గెలిచినవాని గౌరవమునకు రక్షణయనియు మా విద్యార్థులు గ్రహింతురని ఆశించుచున్నాము.