నడిజాము లంగోటీలు

పసిబిడ్డను గురించి వ్రాసేవాళ్ళంతా ఆ బోసినోటిని గురించీ, ఆ చిట్టి గుప్పిళ్ళను గురించీ వ్రాస్తారు. లాలిపాటలకైతే లెక్కే లేదు. కాని రాత్రి రెండు గంటలకు తడిసిన గుడ్డ విప్పి పొడిగుడ్డ కట్టే సంగతి ఎవరైనా వ్రాయగా నేను చూడలేదు. పుట్టిన బిడ్డ మొదటి నెలలో నవ్వేది తక్కువ, తడిపేది ఎక్కువ. ఆ నెల గడిపిన ప్రతి తల్లికీ ఇది తెలిసిన విషయమే. తండ్రులు కూడా తెలుసుకుంటే బాగుంటుందని, ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

గడచిన రెండేళ్ళలో నేను మూడు ఊళ్ళలో మూడు పురుళ్ళు చూశాను. జగిత్యాలలో మా ఇంట్లోనే మా అమ్మాయి తొలికాన్పు. కోరుట్లలో మా చెల్లెలి కోడలికి రెండవ కాన్పు. సిరిసిల్లలో, అంటే నా పుట్టింట్లో, మా తమ్ముడి కూతురిది. ఒక్కొక్క ఇంట్లో పదిహేను, ఇరవై రాత్రులు పడుకున్నాను. పడుకున్నాను అనడం మాటవరసకే లెండి!

ముందుగా లెక్క చెబుతాను. పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది. రెండు మూడు గంటలకొకసారి పాలు పడాలి. పగలనీ రాత్రనీ దానికి భేదం తెలియదు. మొదటి రెండు రోజులూ ఒకటి రెండు గుడ్డలు తడిపితే గొప్ప. అయిదవ రోజు దాటిందంటే మాత్రం రోజుకు కనీసం 6 గుడ్డలైనా తడవాలి. తడవకపోతేనే దిగులు పడాలి, బిడ్డకు పాలు చాలడం లేదన్నమాట. మా అమ్మాయి మొదటి వారంలో, ‘‘అమ్మా, గిప్పుడే మార్చిన, మల్లా తడిపింది,’’ అని ఏడుపుముఖం పెట్టినప్పుడల్లా నేను, ‘‘మంచిదే బిడ్డా, పాలు అందుతున్నయి,’’ అనేదాన్ని. రాత్రి రెండు గంటలకు ఈ ఓదార్పు ఎవరికీ రుచించదు. తెల్లారిన తర్వాత రుచిస్తుంది.

మరొక సంగతి. తల్లిపాలు త్రాగే బిడ్డ త్రాగినప్పుడల్లా దొడ్డికి పోయినా అది రోగం కాదు. పొట్టలో పాలు పడగానే పేగు కదులుతుంది. అందుచేత పాలు పట్టేముందు శుభ్రంగా గుడ్డ మార్చి కూర్చున్న తల్లి, పది నిమిషాల్లో మళ్ళీ మార్చవలసి వస్తుంది. దీనికి మేము కనిపెట్టిన ఉపాయం ఒకటి ఉంది. ఒక రొమ్ము త్రాగి బిడ్డ మగతగా సోలిపోతుందే, అప్పుడు మార్చాలి. ఆ కదలికకు కొంచెం మెలకువ వచ్చి రెండవ రొమ్ము కూడా త్రాగుతుంది. తర్వాత హాయిగా నిద్రపోతుంది. ఉత్త తడి అయితే, బిడ్డ నిద్రలో వుంటే, ఒళ్ళు ఒరవకుండా వుంటే, లేపి మరీ మార్చనక్కరలేదు. దొడ్డికి పోతే మాత్రం వెంటనే తీసివేయవలసిందే. ఆ తడీ, ఆ మలమూ కలిసి లేతచర్మాన్ని కందజేస్తాయి.

ఇక గుడ్డ సంగతి. సిరిసిల్ల అంటేనే గుడ్డల ఊరు. ఒకప్పుడు చేతిమగ్గాలు, తర్వాత మరమగ్గాలు. అక్కడి పద్మశాలీలు బతుకుతెరువుకు భీవండికి, షోలాపూరుకు వెళ్ళి మరమగ్గాల మీద పనిచేసిన కథలు ప్రతి ఇంటా వినిపిస్తాయి. 2017లో బతుకమ్మ చీరల్లో కొంత భాగం నేసింది ఆ మగ్గాలే. అయినా అక్కడ తయారయ్యే దానిలో చాలా భాగం పాలిస్టరు. పాలిస్టరు నీళ్ళు పీల్చదు. బిడ్డ తడిపిన తడి అలాగే ఒంటికి అంటుకొని వుంటుంది. మా తమ్ముడు జీవితమంతా మగ్గం మీదనే వున్నవాడు. మనమరాలు పుట్టిన వేళ బజారులో కొన్న తళుకుల లంగోటీలు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ‘‘ఇది దండేనికి పనికొస్తది గని పిల్లకు పనికిరాదక్కా,’’ అని పక్కన పడేశాడు. మా అమ్మ నాటి నూలుచీరలు రెండు పెట్టె అడుగునుంచి తీసి చింపాము. ఎన్నో ఉతుకులు తిన్న నూలుకు సాటి లేదు. కొత్త నూలుగుడ్డకు గంజి వుంటుంది. నాలుగైదు సార్లు ఉతికితే గాని అది నీరు పీల్చదు. ఉతికిన గుడ్డలో సబ్బు మిగిలిపోకూడదు, రెండుసార్లు జాడించి ఎండలో ఆరవేయాలి. రోజుకు రెండు డజన్ల గుడ్డలు సిద్ధంగా వుంటేనే వానకాలం గడుస్తుంది.

వానకాలమంటే జ్ఞాపకం వచ్చింది. పాతకాలంలో గంపబోర్లించి దానిమీద తడిగుడ్డలు పరచి, క్రింద కుంపటి పెట్టేవారు. మా అమ్మ కూడా అలాగే చేసేది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాపాయం. ఆ పొగలో వాసన కూడా తెలియని విషవాయువు వుంటుంది. సాంబ్రాణి పొగకూడా పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఫాను క్రింద దండెం కట్టుకోండి, లేదా ఇస్త్రీ పెట్టె తిప్పండి. చలికాలంలో ఆరిన గుడ్డను నా తొడక్రింద పెట్టుకొని కూర్చునేదాన్ని. వెచ్చగా వున్న గుడ్డ తగిలితే బిడ్డ ఉలికిపడదు.

డైపరును గురించి కూడా చెప్పకపోతే నన్ను పాతకాలపు మనిషి అంటారు. 1940ల చివరిలో అమెరికాలో మేరియన్ డోనవాన్ అనే ఇల్లాలు రాత్రిళ్ళు పక్కలు మార్చలేక విసిగి, స్నానాలగది తెరను కత్తిరించి, కుట్టు మిషను ముందు కూర్చుని, తడి పైకి రాని తొడుగు ఒకటి తయారు చేసింది. 1951లో దానికి పేటెంటు కూడా దొరికింది. పారేసే కాగితపు డైపరును గురించి ఆమె చెప్పబోతే పెద్ద కంపెనీలవాళ్ళు వినిపించుకోలేదట. తీరా 1961లో అదే సరుకు పాంపర్స్ పేరిట బజారులోకి వచ్చింది. మగవారికి ఆ అవసరం అంత ఆలస్యంగా తెలిసిందంటే, వాళ్ళలో రాత్రి లేచినవాళ్ళు ఎందరో మీరే ఊహించండి. మనవైపు 2017లో అప్పటి ప్రభుత్వం మొదలుపెట్టిన కె.సి.ఆర్. కిట్టులో దోమతెర, సబ్బు, నూనెలతోపాటు డైపర్లు కూడా ఇచ్చారు.

డైపరులో నీటిని తన బరువుకు ఎన్నో రెట్లు పీల్చే పలుకులు వుంటాయి. అందుచేత రాత్రిపూట ఒకటి వేసుకుంటే పాపమేమీ లేదు. మా ఇంట్లో పగలు నూలుగుడ్డ, రాత్రి డైపరు, ఇదీ ఒడంబడిక. కాని నిండినదాకా వుంచకూడదు, వాడినదాన్ని మరుగుదొడ్డిలో వేయకూడదు. బొడ్డు ఊడేదాకా, అంటే వారం రెండు వారాలపాటు, గుడ్డ అయినా డైపరు అయినా బొడ్డు క్రిందికే మడవాలి. బొడ్డుకు గాలి తగలాలి. పసుపు, బూడిద, నూనె ఏవీ పూయరాదు. పౌడరు కూడా చల్లకండి, ఆ ధూళి బిడ్డ ముక్కులోకి పోతుంది. కందితే జింకు ఆక్సైడు వున్న మలాము పూస్తే చాలు. ఆడపిల్లకు తుడిచేటప్పుడు ముందునుంచి వెనుకకు తుడవాలి. కాళ్ళు నిటారుగా లాగి బిగించి కట్టే అలవాటు మన పెద్దవాళ్ళలో ఇంకా వుంది. దానివల్ల తుంటి కీలు చెడుతుంది. కప్పకాళ్ళలాగా వదులుగా వుండనివ్వండి.

గుడ్డలో కనిపించే రంగులు చదవడం ఒక విద్య. మొదటి రెండు మూడు రోజులూ నల్లగా, జిగటగా తారులాగా వుంటుంది. తర్వాత ఆకుపచ్చ. నాలుగైదు రోజులకు పసుపు, నడుమ నడుమ గింజల్లాగా. మొదటి రోజుల్లో ఇటుకపొడి రంగు మరక కనిపిస్తే భయం లేదు; వారం తర్వాత కూడా అదే కనిపిస్తే పాలు చాలడం లేదేమో చూపించాలి. ఆడపిల్ల గుడ్డకు మొదటి వారంలో చుక్క నెత్తురు అంటితే అది తల్లి ఒంటి ప్రభావం, తనంత తానే పోతుంది. భయపడవలసిన రంగుల్లో ఒకటి తెలుపు. సుద్దలాగా, బూడిదలాగా వెలిసిపోయిన మలమూ, గుడ్డకు పసుపురంగు అంటించే మూత్రమూ, రెండు వారాలు దాటినా తగ్గని కామెర్లూ, ఇవి కనిపిస్తే ఆగకూడదు. పిత్తనాళం మూసుకొని వుండవచ్చు. అదే అయితే రెండు నెలలు నిండకముందే ఆపరేషను జరిగితేనే ఎక్కువ ఫలితం వుంటుంది.

సిరిసిల్లలో ఒకనాడు మూడు గంటలవేళ ఆ భయం మాకూ కలిగింది. తెల్లని బల్బు వెలుతురులో గుడ్డ వెలవెలబోతూ కనిపించింది. బిడ్డకు ఇరవై రోజులు. కళ్ళలో పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. మా మరదలు, ‘‘ఏం గాదు వదినె, పండుకోండ్రి,’’ అన్నది గాని తానూ పడుకోలేదు. ఆ గుడ్డను ఉతకకుండా పక్కన పెట్టాము. తెల్లవారి వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో చూస్తే లేత పసుపు! అయినా ఆ రోజే తీసుకుపోయి చూపించాము. నెత్తురు పరీక్ష చేసి, తగ్గుముఖం పట్టిందన్నారు. ఆ తర్వాత మా తమ్ముడు ఆ బల్బు తీసి పసుపు వెలుతురుది చిన్నది పెట్టాడు. గుడ్డ మార్చడానికి చాలు, బిడ్డకు నిద్ర చెడదు. రంగులు మాత్రం పగటి వెలుతురులోనే చూడాలి. ఆ ఇంటి బిడ్డలకు మగ్గం చప్పుడే జోల. కరెంటు పోయి పక్కిళ్ళ మగ్గాలు ఆగాయంటే మనమరాలు గుక్కపెట్టేది! మా తమ్ముడు రాత్రి పాళీ చేసి తెల్లవారి వచ్చి, స్నానానికి ముందు ఒక బకీటు గుడ్డలు తానే జాడించేవాడు. చూసినవాళ్ళు నవ్వితే, ‘‘ముప్పై ఏండ్ల సంది గుడ్డతోనే బతుకుతున్న, గీ గుడ్డ బరువా?’’ అనేవాడు.

కోరుట్లలో కథ వేరు. మా చెల్లెలి కొడుకు దుబాయిలో వుంటాడు. ఆ వాడకట్టులో చాలా ఇళ్ళు అలాంటివే. మగవాళ్ళు గల్ఫులో, ఆడవాళ్ళ ఒళ్ళో బీడీల చాట. ఆ కోడలు కాన్పు అయిన మూడవ వారానికే మళ్ళీ చాట ముందు వేసుకుంటానన్నది. పొగాకు పొడి చేతులతో బిడ్డను తాకరాదని, సబ్బుతో కడుక్కొని చీర కూడా మార్చాలని గట్టిగా చెప్పాను. పెద్దవాడికి మూడేళ్ళు, వాడికీ రాత్రి తల్లే కావాలి. ఇక్కడ ఒంటిగంట అయితే అక్కడ పదకొండున్నర. భర్త ఫోనులో బొమ్మ చూస్తూ, ‘‘పాప మంచిగ పండుకుందా?’’ అని అడిగేవాడు. ఒకనాటి రాత్రి ఆ పిల్ల గుడ్డ మారుస్తూ మారుస్తూ ఆగిపోయి, ఊరకనే కన్నీళ్ళు కార్చింది. ‘‘అత్తమ్మను లేపనా?’’ అంటే, ‘‘వద్దు పెద్దత్తమ్మా, ఆమెకు తెల్లారి పని వుంటది,’’ అన్నది.

కాన్పు అయిన మొదటి వారంలో ఏడుపు రావడం చాలామందికి వున్నదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండీ నిద్రా సయించకపోతే, అది పంతమూ కాదు, పొగరూ కాదు. డాక్టరుకు చెప్పవలసిన జబ్బు. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు చెప్పినా సరే. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె వచ్చి చూడాలనేది ఏర్పాటు. ఆ పిల్లకు 21వ రోజు వచ్చినప్పుడు నేనే పక్కన కూర్చొని అంతా చెప్పించాను. డాక్టరమ్మ మందేమీ ఇవ్వలేదు, వరుసగా నాలుగు గంటలు నిద్ర కావాలన్నది.

ఆ నాలుగు గంటలు ఎక్కడినుంచి వస్తాయి? మా చెల్లెలితో కొంచెం కటువుగానే మాట్లాడవలసి వచ్చింది. తొమ్మిదింటికి పాలు పట్టి కోడలు పక్క గదిలో పడుకోవాలి. ఒంటిగంట దాకా బిడ్డ నాయనమ్మ దగ్గర. నడుమ బిడ్డ లేస్తే గుడ్డ మార్చి జోకొట్టాలి. ఆకలే అయితే ముందుగా పిండి వుంచిన తల్లిపాలు చెంచాతో పట్టాలి. ‘‘నేను గిన్నేండ్లకు మల్లా ఉచ్చగుడ్డలు మార్చాల్నా అక్కా?’’ అన్నది చెల్లెలు. మార్చింది. పదవ రాత్రికి నాకంటె చురుగ్గా మారుస్తున్నది. దుబాయి అబ్బాయికి కూడా పని పెట్టాము. తల్లి నిద్రపోకుండా పదకొండున్నర దాకా ఫోనులో కబుర్లు చెప్పడం అతని వంతు.