డాకర్ డెస్క్‌టాప్: ఎవరికి ఉచితం, ఎవరికి చందా?

సాఫ్ట్‌వేర్ నిపుణులు నిత్యం వాడే డాకర్ డెస్క్‌టాప్ లైసెన్సు నిబంధనలు 2021 ఆగస్టు 31న మారాయి. 250 మందికి మించి ఉద్యోగులు లేదా కోటి డాలర్లకు మించి వార్షికాదాయం ఉన్న సంస్థలు చందా కట్టాలి. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా చాలు. వేల మంది సిబ్బంది గల భారతీయ ఐటీ సంస్థలో పదిమందే దాన్ని వాడుతున్నా మినహాయింపు వర్తించదు. అయితే చందా ఆ పదిమందికే లెక్కిస్తారు. ఉద్యోగి సొంతంగా దించుకుని ఆఫీసు పనికి వాడినా నిబంధన ఒకటే. చిక్కంతా ఇక్కడే. పెద్ద సంస్థలకు 2022 జనవరి 31 వరకు గడువిచ్చారు. చిన్న సంస్థలకు, విద్యార్థులకు, వ్యక్తిగత వాడకానికి ఉచితమే. కంటైనర్లను నడిపే అసలు భాగమైన డాకర్ ఇంజిన్ మాత్రం ఓపెన్ సోర్స్‌గానే కొనసాగుతోంది. లినక్స్‌పై దాన్ని నేరుగా అమర్చుకున్నవారికి ఈ ఖర్చు లేదు. విండోస్, మ్యాక్ కంప్యూటర్లతో నడిచే కార్యాలయాలపైనే భారం ఎక్కువ.