ముసలి జీపుకు కొత్త కమాన్లు

విశాఖపట్నం: అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లిన వారికి జీపు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. లోపల పదిమంది, టాపు మీద నలుగురు, వెనుక వేలాడేవారు మరో ఇద్దరు. ఏజెన్సీ సంతలకు ఏళ్ల తరబడి అదే బస్సు, అదే లారీ. ఈ విలేఖరి నడుముకూ ఆ అనుభవం ఉంది.

ఈ బండి పుట్టిల్లు అమెరికా. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, సైన్యం కోసం విల్లీస్ కంపెనీ తయారు చేసింది. యుద్ధం ముగిశాక మహీంద్రా వారు అదే నమూనాను మన దేశంలో బిగించసాగారు.

దాని ముందు చక్రాలకు ఉన్నవి కమాను పట్టీలు. జట్కాబండి కమానుకు దగ్గర చుట్టాలే. పట్టీ వెనుక కొస చాసిస్‌కు బిగించి ఉంటుంది. ఊగే షాకిల్ మాత్రం ముందు కొసన ఉంది. చక్రం గుంతలో గుద్దుకుంటే ఇరుసు వెనక్కి తగ్గాలి కదా? ఇక్కడ వీలుపడదు. పట్టీ ముందుకే సాగుతుంది. దెబ్బ మనిషికి తగులుతుంది.

అందుకే కొందరు షాకిల్‌ను వెనక్కి మార్పిస్తున్నారు. కుదుపు తగ్గే మాట నిజమే. కాని చాసిస్‌పై బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేయాలి. ఇరుసు వాలు సుమారు మూడు డిగ్రీలు ఉండాలి. అది తప్పితే స్టీరింగు చేతిలో నిలవదు. బ్రేకు గొట్టం పొడవు చాలకపోతే తెగుతుంది. ఘాట్ దిగేటప్పుడు వెల్డింగ్ ఊడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అంతకంటే ముందు చేయదగ్గ పని వేరే ఉంది. పట్టీలు విప్పి తుప్పు గీకి, విరిగినవి మార్చి, అరిగిన బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేస్తే సగం బాధ పోతుంది. బరువు మోస్తుందని అదనపు పట్టీలు దూర్చడం మన వారి అలవాటు. దానివల్ల ఖాళీ బండి మరింత ఎగురుతుంది.

తాతలనాటి జీపు ఉన్నవారు మరొకటి గమనించాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుం 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అయితే చాసిస్, బాడీ, ఇంజను మార్చిన బండికి ఆ గుర్తింపు రాదు. గుర్తింపు వచ్చిన జీపులో సంతకు కిరాయి జనాన్ని ఎక్కించడానికీ వీల్లేదు.