సంఘసేవలో సాంస్కృతిక సామర్థ్యం

సాంస్కృతిక సామర్థ్యం అనగా తనకంటే భిన్నమైన భాష, మతం, కులం, వృత్తి, ఆచారాలు గల ప్రజలకు, వారి గౌరవానికి భంగం కలగకుండా, వారికి నిజంగా ఉపయోగపడే రీతిలో సేవ చేయగల శక్తి. సంఘసేవకులు, ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, బాలల సంరక్షణాధికారులు మొదలైన వారికి ఇది అవసరమైన వృత్తినైపుణ్యంగా పరిగణించబడుతున్నది. ఇది కార్యకర్తలోని మంచితనానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. శిక్షణ వలన, అనుభవం వలన అలవడుతుంది. సేవాసంస్థ నియమాలలోను, పని పద్ధతులలోను కూడా కనిపించవలసి ఉంటుంది. హైదరాబాదు పాతబస్తీలోని పురానాపూల్ పరిసరాలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ.

భావన పుట్టుక

వివిధ సంస్కృతుల వారికి సలహా, చికిత్స అందించే నిపుణులకు ఉండవలసిన యోగ్యతలను గురించి 1982లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డెరాల్డ్ వింగ్ సూ మరియు ఆయన సహచరులు వివరించారు. ఎరుక, జ్ఞానం, నైపుణ్యం అనే మూడు అంశాలను వారు ప్రతిపాదించారు. 1989లో టెర్రీ క్రాస్, ఆయన సహరచయితలు పిల్లల మానసిక ఆరోగ్య సేవలను గురించి వెలువరించిన గ్రంథం ద్వారా సాంస్కృతిక సామర్థ్యం అనే మాట విస్తృత ప్రచారంలోకి వచ్చింది. అందులో వారు సంస్థలను ఆరు మెట్లుగా విభజించారు. అన్నింటికంటే క్రింది మెట్టు ఎదుటివారి సంస్కృతిని నాశనం చేసే ధోరణి. రెండవది అసమర్థత, మూడవది సాంస్కృతిక అంధత్వం. తన లోపాన్ని గుర్తించి ప్రయత్నం ప్రారంభించడం నాల్గవ మెట్టు. సామర్థ్యం, ప్రావీణ్యం చివరి రెండు మెట్లు.

వీటిలో మూడవ మెట్టును గుర్తించడం కష్టం. అందరినీ ఒకేవిధంగా చూడటమే న్యాయమని భావించే కార్యకర్త, ఒకే భాషలో ముద్రించిన దరఖాస్తును, ఒకే సమయంలో జరిగే సమావేశాన్ని అందరికీ ఏర్పాటు చేస్తాడు. ఆ భాష రానివారు, ఆ సమయంలో పనికి వెళ్ళేవారు రాలేకపోతే వారికి ఆసక్తి లేదని నివేదికలో వ్రాస్తాడు. ఇక్కడ దురుద్దేశం లేకపోయినా సేవ అందవలసిన వారికి అందదు.

పురానాపూల్ పరిసరాలు

మూసీ నదిపై కట్టిన వంతెనలలో పురానాపూల్ మొదటిది. దీనిని ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనాకాలంలో 1578లో నిర్మించారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహావరదలో వంతెన దెబ్బతినగా తరువాత మరమ్మతు చేశారు. ప్రస్తుతం వాహనాలు ప్రక్కనున్న కొత్త వంతెనపై వెళ్తుండగా, పాత వంతెనపై కూరగాయలు అమ్మేవారు కూర్చుంటారు. పూర్వపు నగర ప్రాకారానికి చెందిన పురానాపూల్ దర్వాజా నేటికీ నిలిచి ఉన్నది.

వంతెనకు ఉత్తరాన కార్వాన్, జియాగూడ, ధూల్‌పేట, దక్షిణాన పేట్లబురుజు, హుస్సేనీ ఆలం ప్రాంతాలు ఉన్నాయి. ధూల్‌పేటలో ఉత్తర భారతదేశం నుండి వలస వచ్చిన లోధీలు ఎక్కువ. వినాయక విగ్రహాలు, గాలిపటాలు, రాఖీల తయారీకి ఆ పేట ప్రసిద్ధి. జియాగూడలో గొర్రెల మార్కెట్టు, కబేళా ఉన్నాయి. హుస్సేనీ ఆలం వైపు ముస్లిం కుటుంబాలు అధికం. పేట్లబురుజులోని ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలకు వంతెనకు ఇరువైపుల నుండి స్త్రీలు వస్తారు. దక్కనీ ఉర్దూ, తెలుగు, హిందీ, మరాఠీ భాషలు ఈ వీధులలో వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో హిందువులు సుమారు 52 శాతం, ముస్లింలు సుమారు 43 శాతం. తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా 2017లో గుర్తించారు.

పట్టణ సమాజాభివృద్ధి పథకం

ఈ విషయంలో హైదరాబాదుకు తొలి అనుభవం ఇప్పటిది కాదు. 1967లో నగరపాలక సంస్థ పాతబస్తీలో పట్టణ సమాజాభివృద్ధి పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. తరువాతి దశలలో యునిసెఫ్, ఆ తరువాత బ్రిటిషు ప్రభుత్వం సహాయం అందించగా ఈ పని నగరంలోని ఇతర మురికివాడలకు విస్తరించింది. బస్తీ సంక్షేమ సంఘాలు, మహిళా మండలులు, బాలవాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు దీనిలో భాగాలు. నివాసులు తమ ఇళ్ళను తామే కట్టుకునే కార్యక్రమం కూడా ఈ పథకం ద్వారా జరిగింది.

ఇందులో కుట్టు కేంద్రాల ఉపయోగం గమనించదగినది. పర్దా పాటించే స్త్రీ బహిరంగ సభకు రావడం కష్టం. ఇంటికి దగ్గరగా, స్త్రీలే ఉండే కేంద్రంలో కుట్టు నేర్చుకోవడానికి ఇంటి పెద్దలు అంత అభ్యంతరం చెప్పరు. అక్కడికి వచ్చిన స్త్రీతో పిల్లల టీకాలను గురించి, పొదుపును గురించి మాట్లాడవచ్చు. పర్దాను తప్పుపట్టి ఆమెను బయటకు పిలవడానికి బదులు సేవయే ఆమె గడప సమీపానికి వెళ్ళింది.

కార్యకర్త తెలుసుకోవలసినవి

భాష, సంబోధన: దక్కనీ మాట్లాడే ఇంట్లో పెద్ద వయస్సు స్త్రీని ఖాలా అని, తనకంటే కొంచెం పెద్దదైన స్త్రీని ఆపా అని పిలవడం, తెలుగు ఇంట్లో పెద్దమ్మా, అక్కా అనడం మర్యాద. పేరు పెట్టి పిలవడం, ఏకవచనం వాడటం వలన మొదటి రోజే మాట ఆగిపోవచ్చు.

అనువాదం: భాష రాని కార్యకర్త ఇంట్లోని బడిపిల్లలచేత అనువాదం చేయించుకోవడం తరచుగా జరిగే పొరపాటు. గర్భసంబంధమైన వ్యాధిని గాని, భర్త కొట్టిన సంగతిని గాని తల్లి తన బిడ్డ ద్వారా చెప్పలేదు. చెప్పించినచో అది ఆ బిడ్డకు కూడా హాని. బస్తీకి చెందని, రహస్యం కాపాడే వయోజనులే అనువాదం చేయవలసి ఉంటుంది.

సమయం: శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ, రంజాన్ మాసపు సాయంత్రాలు, మొహర్రం పదవ రోజు, ఆషాఢంలో బోనాల ఆదివారాలు సమావేశాలకు తగినవి కావు. పంచాంగంలో లేని సమయాలు కూడా ఉన్నాయి. వినాయక చవితికి ముందు నెలలలో విగ్రహాలు చేసేవారికి, సంక్రాంతికి ముందు గాలిపటాలు చేసేవారికి తీరిక ఉండదు. వారి సంవత్సర ఆదాయంలో ముఖ్యభాగం ఆ దినాలలోనే వస్తుంది.

పత్రాలు: ఒకే పేరు ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పత్రాలలో వేర్వేరు అక్షరాలతో ఉండటం సాధారణం. దీనిని మోసంగా భావించి దరఖాస్తు త్రోసిపుచ్చినచో ఒక వితంతువు పింఛను ఆగిపోతుంది. లిపి మారినప్పుడు పేరు ఎలా మారుతుందో తెలిసిన కార్యకర్త దానిని సరిచేయించగలడు.

సంస్కృతి, బ్రతుకుతెరువు

సాంస్కృతిక జ్ఞానం పేరుతో జరిగే పెద్ద తప్పు, పేదరికం వలన కలిగిన దానిని సంస్కృతిగా భావించడం. ధూల్‌పేటలో చాలాకాలం గుడుంబా తయారీ జరిగింది. ఆ కారణంగా పేట పేరే ఒక ముద్రగా మారింది. అయితే గుడుంబా కాయడం లోధీల ఆచారం కాదు. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే పని దొరికే చోట అది కొన్ని కుటుంబాల బ్రతుకుతెరువు. 2015-16లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబాను అరికట్టి, మానివేసిన కుటుంబాలకు పునరావాస పథకం చేపట్టింది. 2024లో ఆబ్కారీ శాఖ గంజాయి అమ్మకాలపై ఇదే పేటలో దాడులు జరపవలసి వచ్చింది. అందువలన దాడితోపాటు స్థిరమైన ఉపాధి ఎంత అవసరమో తెలుస్తున్నది.

వంతెనకు ఆవలివైపు ముస్లిం కుటుంబాలను గురించి కూడా ఇటువంటి పొరపాటే జరిగింది. 1991 ఆగష్టులో హైదరాబాదు నుండి బయలుదేరిన విమానంలో ఏడుస్తున్న సుమారు పదేళ్ళ బాలికను విమాన పరిచారిక గుర్తించింది. అరవై ఏళ్ళ అరబ్బు దేశస్థునితో ఆ బాలికకు వివాహం చేసినట్లు తెలిసి దేశమంతటా సంచలనం కలిగింది. ఇటువంటి వివాహాలను మతాచారంగా చిత్రించినవారు అప్పు, కట్నం, దళారులు అనే కారణాలను విస్మరించారు. పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన షాహీన్ సంస్థ ఇటువంటి వివాహాలకు, గృహహింసకు వ్యతిరేకంగా ఆ బస్తీల స్త్రీల మధ్యనే పనిచేస్తున్నది.

గౌరవానికి హద్దు

సంస్కృతిని గౌరవించడమంటే హానిని అంగీకరించడం కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండాలి. ఇది వారి పద్ధతి అని కార్యకర్త ఊరుకున్నచో బాలికకు అన్యాయం జరుగుతుంది. పోలీసులతో ఇంటిపైకి వెళ్ళి వంశాన్ని, మతాన్ని నిందించినచో తరువాతి వివాహం రహస్యంగా జరుగుతుంది. బాలిక రక్షణ విషయంలో రాజీ పడకుండా, కుటుంబంతో మాట్లాడే పద్ధతిలో మర్యాద పాటించడం, మేనత్తను గాని, ఉపాధ్యాయురాలిని గాని, బస్తీ పెద్దను గాని తోడు తీసుకొనడం సమర్థుడైన కార్యకర్త లక్షణం. అయితే బస్తీ పెద్ద మాట ఆ బస్తీలోని స్త్రీల మాట కాకపోవచ్చు. వారితో విడిగా మాట్లాడటం అవసరం.

శిక్షణ, సంస్థల బాధ్యత

భారతదేశంలో వృత్తిపరమైన సంఘసేవా విద్య 1936లో బొంబాయిలో ప్రారంభమైన సర్ దొరాబ్జీ టాటా విద్యాలయంతో మొదలైనది. అదే 1944 నుండి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా ప్రసిద్ధి చెందింది. సంఘసేవ చదివే విద్యార్థులు తరగతులతోపాటు క్షేత్రశిక్షణ పొందుతారు. బస్తీలో గడిపే ఆ దినాలలోనే ఈ సామర్థ్యం అలవడుతుంది. విద్యార్థి అక్కడ ముందుగా పరిశీలించవలసినది తన అలవాట్లనే. ఏ ఇంట్లో మంచినీళ్ళు త్రాగడానికి తాను వెనుకాడాడో, ఏ వీధిని గురించి వినికిడితోనే భయపడ్డాడో వ్రాసుకొని పర్యవేక్షకునితో చర్చించడం ఉపయోగకరం.

విద్యార్థులను, కార్యకర్తలను మార్చినంత మాత్రాన సరిపోదు. ఉర్దూ, తెలుగు రెండింటిలో దరఖాస్తులు, స్త్రీ కార్యకర్తల నియామకం, స్థానికులకు ఉద్యోగాలు, బస్తీకి అనుకూలమైన పనివేళలు సంస్థ చేయవలసిన ఏర్పాట్లు. 2024లో మూసీ గర్భంలోని ఇళ్ళనుండి కుటుంబాలను దూరప్రాంతపు ఇళ్ళకు తరలించడం మొదలైనప్పుడు, ఇంటి వైశాల్యంతో పాటు పిల్లల బడి మాధ్యమం, ఉపాధి, ప్రార్థనా స్థలం, శ్మశానం కూడా లెక్కలోకి రావలసిన విషయాలే.

విమర్శ

ఒక సమాజపు ఆచారాలను జాబితాగా నేర్చుకుంటే కొత్త మూసలు ఏర్పడతాయని కొందరి విమర్శ. ముస్లిం స్త్రీలందరూ పర్దా పాటించరు. లోధీలందరూ విగ్రహాలు చేయరు. 1998లో మెలనీ టెర్వలోన్, జాన్ మర్రీ గార్సియా అనే వైద్యులు సామర్థ్యానికి బదులు సాంస్కృతిక వినయం అనే భావనను ప్రతిపాదించారు. వారి అభిప్రాయంలో ఇది ఒక కోర్సుతో పూర్తయ్యే చదువు కాదు. జీవితాంతం తన్ను తాను పరీక్షించుకొనడం, సేవ పొందేవారి నుండి నేర్చుకొనడం. ఈ రెండు భావనలు పరస్పర విరుద్ధమైనవి కావు. బస్తీని గురించిన జ్ఞానం కార్యకర్తను తలుపు వరకు తీసుకువెళ్తుంది. లోపల ఉన్న మనిషి అవసరమేమిటో ఆ మనిషినే అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.