చేతికి ఎదురు తన్నని పాన

బరువులేని చోట బిగుసుకున్న నట్టు విప్పబోతే నట్టు కదలదు, విప్పేవాడే గిర్రున తిరుగుతాడు. నేలమీద పాన పట్టి బలం పెట్టేటప్పుడు మన పాదాలు నేలను తన్ని నిలబడతాయి. అంతరిక్షంలో తన్నడానికి ఏమీ ఉండదు. జెమిని నౌకల్లోంచి మనుషుల్ని బయటికి పంపాలనుకున్న నాసాకు 1960ల్లో ఈ చిక్కు వచ్చిపడింది. బ్లాక్ అండ్ డెకర్ సంస్థ, మార్టిన్ కంపెనీతో కలిసి, దీనికో పనిముట్టు తయారుచేసింది. బ్యాటరీతో నడుస్తుంది, పట్టుకున్న చేతిని దాదాపుగా తిప్పదు.

1966 మార్చిలో జెమిని-8లో అది పైకి వెళ్లింది. నౌక అదుపు తప్పి గిరగిరా తిరగడంతో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ అంతరిక్ష నడక మానుకుని హడావుడిగా కిందికి దిగాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జెమిని-11లో మళ్లీ పంపారు. రిచర్డ్ గోర్డన్ బయటికైతే వెళ్లాడు గానీ, వేరే పనితోనే అలసిపోయి, చెమట కళ్లలోకి కారి, ఆ పాన జోలికి పోకుండానే లోపలికి వచ్చేశాడు. రెండు నౌకలెక్కినా అంతరిక్షంలో అది ఒక్క నట్టూ తిప్పలేదు.

ఇవాళ టైర్ల షాపులో కుర్రాడు ఒంటిచేత్తో పట్టుకుని కారు చక్రం నట్లు బరబరా ఊడదీసే బ్యాటరీ గన్నుదీ ఇదే బాపతు సూత్రం. సూత్రం జెమిని కన్నా పాతది. అమెరికాలోని ఎవాన్స్‌విల్ వాసి రాబర్ట్ పాట్ ఆలోచనను తీసుకుని ఇంగర్సాల్ రాండ్ సంస్థ 1934లో ఇంపాక్ట్ రెంచ్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

బ్యాటరీ గన్ను కడుపులో మోటారు నట్టును నేరుగా తిప్పదు. సాకెట్ తగిలించే ముందు భాగం దాగలి, దాని వెనక తిరిగే బరువైన ఉక్కు ముక్క సుత్తి. సుత్తి వెనక గట్టి స్ప్రింగు, దాని ఇరుసు మీద ఏటవాలు గాడుల్లో ఉక్కు గోళీలు ఉంటాయి. నట్టు తేలిగ్గా తిరిగినంతసేపూ సుత్తి, దాగలి జంటగా తిరుగుతాయి. నట్టు మొరాయించగానే దాగలి నిలబడిపోతుంది, మోటారు మాత్రం ఆగదు. సుత్తి గాడుల వెంట వెనక్కి జరిగి, స్ప్రింగును నొక్కుతూ దాగలి చెవులను దాటుకుంటుంది. దాటిన మరుక్షణం స్ప్రింగు దాన్ని ముందుకు విసురుతుంది. అర చుట్టు తిరిగి వచ్చి సుత్తి ఆ చెవులను ఛెళ్లున కొడుతుంది. చుట్టుకు రెండు దెబ్బలు, నిమిషానికి రెండు మూడు వేలు.

గూటాన్ని ఎంత నొక్కినా భూమిలో దిగదు, నాలుగు దెబ్బలేస్తే దిగుతుంది. ఇక్కడా అంతే. అర చుట్టు పొడవునా మోటారు నెమ్మదిగా కూడబెట్టిన శక్తిని సుత్తి సెకనులో వెయ్యో వంతు కాలంలో దిగబోస్తుంది. నట్టుకు తగిలేది ఆ దెబ్బ. చేతికి తెలిసేది మోటారు నెమ్మది తోపు ఒక్కటే.

చాలాకాలం ఈ గన్ను కంప్రెసర్ గొట్టానికి కట్టుబడే బతికింది. బ్లాక్ అండ్ డెకర్ 1961లోనే నికెల్ కాడ్మియం బ్యాటరీతో డ్రిల్లు తెచ్చినా, చక్రం నట్లతో తలపడేంత సత్తువ అందులో లేదు. 2005లో మిల్వాకీ సంస్థ 28 వోల్టుల లిథియం అయాన్ పనిముట్లు తెచ్చాక కథ మారింది. ఆపైన బ్రష్‌లు లేని మోటార్లు రావడంతో, గాలి గన్ను చేసే పనిని రెండు మూడు కిలోల బ్యాటరీ గన్ను చేసేస్తోంది.

చేతికి ఎదురు తన్నకపోవడం దాని గొప్పతనం. నా లెక్కలో అసలు లోపమూ అదే. మామూలు పానతో బిగించేటప్పుడు ఎంత బిగిసిందో మణికట్టు చెబుతుంది. గన్ను ఆ కబురును చేతిదాకా రానివ్వదు. పావు సెకను ఎక్కువ నొక్కితే ఏం జరిగిందో మీకు తెలియదు, నట్టుకే తెలుస్తుంది.

చిన్నకార్ల నట్లకు కంపెనీలు చెప్పే బిగింపు సాధారణంగా 100 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు మీద ఆ బిగింపు పడితే, అది చక్రాన్ని హబ్బుకు అదిమిపట్టే బలం సుమారు నాలుగు టన్నులు! బోల్టు పిసరంత సాగి, మళ్లీ ముడుచుకోవాలని లాగుతుంది గనకే చక్రం ఊడదు. మనం పెట్టిన శ్రమలో పదో వంతే ఈ సాగుడుకు పోతుంది, మిగతాదంతా మరల్లోనూ నట్టు కిందా రాపిడికే సమర్పణ. అందుకే మరలకు గ్రీజు పూయడం ప్రమాదం. రాపిడి తగ్గి, అదే బిగింపుకు బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది.

అతిగా బిగిస్తే ఏమవుతుందో హైవే మీద బోధపడుతుంది. కారుతో ఇచ్చే స్పానర్ పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుందాం. అరవై కిలోల మనిషి దాని కొస మీదికెక్కి నిలబడితే వచ్చేది 150 న్యూటన్ మీటర్లు. షాపులో గన్ను 300 దాకా కొట్టి వదిలిందంటే, స్టెప్నీ, జాకీ అన్నీ ఉండి కూడా ఆ చక్రం రాదు. భార్యాపిల్లలు రోడ్డు పక్కన నిలబడి చూస్తుండగా స్పానర్ మీద గెంతుతున్న పెద్దమనుషులను మీరూ చూసే ఉంటారు.

అందుకని కొనేవాడు డబ్బా మీది అంకెకు మురిసిపోకూడదు. అక్కడ పెద్దక్షరాల్లో వేసేది తరచుగా విప్పే బలం, బిగించే బలం అంతకన్నా తక్కువ. తుప్పు పట్టిన కారు నట్టుకైనా మూడు నాలుగు వందల న్యూటన్ మీటర్లు నిజంగా ఇచ్చే అర ఇంచీ గన్ను చాలు. వెయ్యి దాటినవి ఇంట్లో బరువే తప్ప లాభం లేదు. లారీ సంగతి వేరు, దానికి ముప్పావు ఇంచీ, ఇంచీ గన్నులుంటాయి. బలం కన్నా ముందు చూడాల్సింది వేగాల మీట. మొదటి వేగంలో మెత్తగా తిరగాలి, నట్టు కూర్చోగానే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు. బ్యాటరీ దగ్గర పిసినారితనం పనికిరాదు. 2 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో సాధారణంగా సెల్లులు ఐదే. 5 ఆంపియర్ అవర్ దాంట్లో తరచుగా పది జంటలు కట్టి ఉంటాయి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగలవు. అదే గన్ను చిన్న ప్యాక్‌తో నీరసపడటం అందుకే.

సాకెట్లు నల్లటివే కొనాలి. తళతళలాడే క్రోమ్ సాకెట్లు చేతి పనికి చేసినవి, దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్ తగిలిస్తే దెబ్బ దార్లోనే చచ్చిపోతుంది.

విప్పేటప్పుడు దాన్ని హాయిగా వాడుకోండి, చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేసి తర్వాత జాకీ ఎక్కించండి. బిగించేటప్పుడు మాత్రం ప్రతి నట్టుకూ మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే పట్టించాలి. మర అడ్డంగా పడిందో లేదో వేళ్లకే తెలుస్తుంది, గన్ను దాన్ని కోసుకుంటూ పోతుంది. తర్వాత మొదటి వేగంలో, ఎదురెదురు నట్లు మార్చుకుంటూ, అలా ఆనించి వదిలేయాలి. కారు దించాక చివరి బిగింపు, మనం పెట్టిన అంకెకు చేరగానే టక్కుమనే టార్క్ రెంచ్‌ది. టక్కుమనగానే ఆపేయాలి. యాభై వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి. నాసా కూడా 1997లో హబుల్ టెలిస్కోపు మరమ్మతుకు పంపిన బ్యాటరీ పానలో సుత్తిని నమ్ముకోలేదు. ఎన్ని చుట్లు, ఎంత బిగింపు అన్నది ముందే పెట్టుకుని, చూసుకుంటూ తిప్పే యంత్రం అది.

అమెరికా నుంచి వచ్చే తమ్ముడి చేత తెప్పించుకునే వాళ్లకో మాట. అక్కడ 20 వోల్టులని రాసినదీ, మిగతా చోట్ల 18 వోల్టులని రాసినదీ ఒకటే. ఐదు సెల్లులు నిండుగా ఉంటే ఇరవై, వాడకంలో పద్దెనిమిది. 5 ఆంపియర్ అవర్ ప్యాక్ అంటే 90 వాట్ అవర్లు, విమానంలో మామూలుగా అనుమతించే వంద లోపే. 6 అయితే దాటిపోతుంది. విడి బ్యాటరీ చేతి సంచిలో, గన్ను చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. ఛార్జర్ మాత్రం ఇక్కడే కొనుక్కోండి, అక్కడి 120 వోల్టులది మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.