మన చెట్ల పేర్ల పక్కన రాక్స్‌బర్గ్

ఇంటర్లో, డిగ్రీలో బోటనీ తీసుకున్న వాళ్ళందరం రికార్డులో మొక్క శాస్త్రీయ నామం రాసి, చివర 'రాక్స్‌బ్' అని పొట్టిగా ఒక మాట చేర్చినవాళ్ళమే. అది లేకపోతే మార్కు తగ్గుతుందని రాసేవాళ్ళం. తమ్ముళ్ళూ, అది ఒక మనిషి పేరు. ఆ మొక్కను శాస్త్ర పద్ధతిలో మొదట వర్ణించి పేరు పెట్టినవాడి గుర్తు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చాడు. 1781లో సామర్లకోట చేరి పన్నెండేళ్ళు అక్కడే గడిపాడు. అనకాపల్లిలో రైలెక్కితే మధ్యాహ్నానికి దిగే ఊరే అది! అదే కాలంలో మన విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే ఇంకో డాక్టరు పాముల మీద పనిచేశాడు. కట్లపాముల ప్రజాతికున్న 'బంగారస్' అనే పేరు ఆయన రాసుకున్న మన 'బంగారు పాము' నుంచి వచ్చిందే. 1789లో రస్సెల్ స్వదేశం వెళ్ళిపోగా, కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పని రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

కంపెనీకి కావలసింది లాభం. అందుకే ఆయన సామర్లకోట తోటలో మిరియాలు, నీలిమందు వంటివి పెంచి చూశాడు. రాజమండ్రి సర్కారు రైతులు చెరుకు ఎలా నాటుతారో, బెల్లం ఎలా వండుతారో వివరంగా రాశాడు. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు తోలిన ఇళ్ళ పిల్లలకు అది చదివితే ముచ్చటేస్తుంది. 1790 ప్రాంతపు కరువు చూశాక కొబ్బరి, పనస లాంటి చెట్లు నాటించమని పైవాళ్ళకు రాశాడు.

అయితే ఆయన పేరు నిలిపింది 'కోరమండల్ తీరపు మొక్కలు' అనే పుస్తకం. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చింది. మూడు వందల బొమ్మలు. బీడీ ఆకు ఇచ్చే తునికి, జిగురు ఇచ్చే తపసి అందులో ఉన్నాయి. రెంటికీ నేటికీ చివర 'రాక్స్‌బ్' అనే రాస్తున్నాం. సోమిద బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఇక్కడ తెలుసుకుని, సింకోనాకు బదులు వాడొచ్చేమోనని ప్రయోగాలు చేశాడు. తరవాతి శాస్త్రవేత్తలు ఆ ప్రజాతికి పెట్టిన 'సోయ్‌మిడా' అన్న పేరు మన సోమిదే.

మరి ఆ బెరడు సంగతి ఆయనకు చెప్పిందెవరు? అడవికి పోయేవాళ్ళు, నాటువైద్యం తెలిసినవాళ్ళు చెప్పి ఉండాలి. బొమ్మలు గీసింది కూడా జీతానికి పెట్టుకున్న ఇక్కడి చిత్రకారులే. పుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. మా అమ్మలకు సంతకం రాదు గానీ, ఏ చెట్టు బెరడు దేనికో చెబుతారు. అందుకే ఆ లేని పేర్ల దగ్గర మా మనసు ఆగిపోతుంది.

ఒక్కటి మాత్రం ఆయన్ను మెచ్చుకోవాలి. లాటిన్ పేరు పెట్టి ఊరుకోకుండా, తెలుగువాళ్ళు ఏమని పిలుస్తారో అడిగి మరీ రాశాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళినా ఈ అలవాటు మానలేదు. 1815లో ఎడింబరోలో చనిపోయాడు. ఆయన 'ఫ్లోరా ఇండికా'ను విలియం కేరీ 1832లో శ్రీరాంపూర్‌లో పూర్తిగా అచ్చువేశాడు. అందులో 'తెలింగ' అని పొట్టిగా రాసి పక్కన పెట్టిన పేర్లు మన ఇళ్ళలో పలికేవే.